నా అబద్ధం నమ్మిన కారు

ఫిర్యాదు నాలుగు పేజీలొచ్చింది. తెల్ల కాగితం మీద మార్జిన్ కొట్టి, పరీక్ష పేపరు రాసినంత శ్రద్ధగా రాసినాను. సంతకం కింద 'ఎమ్మెస్సీ ఫిజిక్స్' అని కూడా పెట్టుకున్నాను, చదివినవాళ్ళకి కాస్త వణుకు పుడుతుందని. విషయం ఒక్కటే. తమరు ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయని చెప్పి అమ్మిన కారు గుద్దుకుంటే, ఆరిట్లో ఒక్కటి కూడా తెరుచుకోలేదు. దీనికి తమరి సమాధానమేమి?

మూడో పేజీలో ఏకంగా సుప్రీంకోర్టునే దించినాను. 2022 ఏప్రిల్ 20 నాటి తీర్పు అది. ఢిల్లీలో ఒకాయన 2015లో క్రెటా కొన్నాడు. 2017 నవంబరులో పానిపట్ రోడ్డులో అది గుద్దుకుంది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు, ఆయనకి తలకీ ఛాతీకీ పళ్ళకీ దెబ్బలు తగిలినాయి. చాలినంత బలంగా గుద్దుకుంటేనే అవి తెరుచుకుంటాయని హ్యుందాయ్ కంపెనీ వాదించింది. వేగమెంత, బలమెంత అని లెక్కలు కట్టుకోవడానికి కారు కొనేవాడేమీ భౌతికశాస్త్ర పండితుడు కానక్కర్లేదని కోర్టు తేల్చేసింది. మూడు లక్షల పరిహారం, కారు మార్చి ఇవ్వడం, కింది కమిషన్లు చెప్పినవన్నీ అట్లాగే నిలబడినాయి. నాకూ పన్ను పోయింది కదా, ఈ కేసుని దేవుడు నాకోసమే ఢిల్లీలో జరిపించి పెట్టినాడనుకున్నాను.

ఒక్కటే చిక్కు. నేను ఫిజిక్స్ లెక్చరర్ని.

ఆ నాలుగు పేజీల్లో రాయని సంగతులు కొన్ని ఉన్నాయి. మీరు బయట చెప్పరని నమ్మకం కాబట్టి చెప్తున్నాను.

ప్రమాదాల విషయంలో నా అంత తెలివైనవాడు తిరుపతిలో ఇంకొకడు లేడు, టీవీ ముందు కూర్చున్నంతసేపూ. 2014 ఏప్రిల్లో ఆళ్ళగడ్డ దగ్గర రోడ్డు మీద పోసిన వడ్ల కుప్పని తప్పించబోయి కారు బోల్తాపడి శోభా నాగిరెడ్డి చనిపోయినప్పుడు, 'బెల్టు పెట్టుకోనుంటే బతికేది' అని ఇంట్లో అందరికీ చెప్పినాను. 2018లో నల్గొండ రోడ్డులో హరికృష్ణ పోయినప్పుడూ అదే చెప్పినాను. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర వంతెన మీద వెనక సీట్లో కూర్చున్న సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడైతే, స్టాఫ్ రూములో ఒక పీరియడంతా జడత్వం మీద ప్రసంగం పెట్టినాను. టీ చల్లారిపోయింది కానీ నేను చల్లారలేదు.

అంత జ్ఞానముంది కాబట్టే కారు కొనేటప్పుడు ఆరు ఎయిర్‌బ్యాగుల మోడలే కావాలని పట్టుబట్టినాను. కార్లన్నిట్లో ఆరు తప్పనిసరి చేస్తామని కేంద్రం అప్పట్లో అనింది కూడా, తర్వాత వెనక్కి తగ్గిందనుకోండి. నేను తగ్గలేదు. కింది మోడలుకంటే లక్షన్నర ఎక్కువ. ఇంటామె 'ఆ డబ్బుతో గాజులొస్తాయి' అనింది. ప్రాణం పోతే గాజులెవరికి అని గట్టిగానే అన్నాను. తర్వాత జరిగింది తల్చుకుంటే ఆ గాజులే కొనుంటే బాగుండేది.

షోరూములోంచి కారు ఇంటికి కూడా రాలేదు, నేరుగా డెకార్ షాపుకి పోయింది. ఇది మనందరి ఆచారం, నన్నొక్కణ్ణే అనొద్దు. కొత్త కారుని ఉన్నదున్నట్టు వాడుకునే మొగోడు మన జిల్లాల్లో ఇంకా పుట్టలేదు.

ముందు సీటు కవర్లు. సీటుకి పక్కన చిన్న గుడ్డ ట్యాగు ఒకటుంటుంది, ఎయిర్‌బ్యాగ్ అని రాసి. పక్కనుంచి ఏదన్నా గుద్దితే ఆ కుట్టు చీల్చుకునే లోపలి బ్యాగు బయటికి రావాల. షాపు పిల్లోడు 'ఈ పీలిక కనపడితే బాగుండదు సార్' అని దాన్ని లోపలికి మడిచి, దానిమీద ఏనుగు కూడా చించలేనంత దళసరి రెగ్జిన్ తొడిగి, డబుల్ కుట్టేయించినాడు. బాగుందిరా అబ్బోడా అని వాడికి టిప్పు కూడా ఇచ్చినాను. వెనక సీట్లో బెల్టు బకిల్స్ ఆ కవరు కిందికే పోయినాయి. ఎవరూ అడగలేదు, నేనూ వెతకలేదు.

తర్వాత ముందర బుల్ గార్డు. స్టీలు పైపు, అద్దంలా మెరుస్తా ఉంటుంది. బంపర్ల ముందు బుల్ గార్డులు చట్టవిరుద్ధమనీ వాటిని తీయించమనీ 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి లేఖ రాసింది. ఆ వార్త నేను పేపర్లో చదివినాను. చదివినదాన్ని గుర్తు పెట్టుకోవడం పిల్లల పని, లెక్చరర్లది కాదు. ఆ గార్డు పెట్టినాక మా వీధిలో కారు దూరేటప్పుడు ఆవులు కూడా మర్యాదగా పక్కకి జరిగినాయి. ఆ ఒక్క దృశ్యం కోసమే పెట్టించుకున్నానని ఇప్పుడొప్పుకుంటున్నాను.

డ్యాష్‌బోర్డు మీద, ఎడమవైపు, సరిగ్గా ఎయిర్‌బ్యాగ్ అని అక్షరాలు చెక్కిన చోట, ఇత్తడి వెంకటేశ్వరస్వామిని డబుల్ టేపేసి నిలబెట్టినాము. సెకనుని వంద ముక్కలు చేస్తే అందులో మూడు ముక్కల సేపట్లో బ్యాగు ఉబ్బిపోతుందని నాకు తెలుసు, నోట్సు కూడా చెప్పినాను. అది అంత వేగంతో తెరుచుకుంటే స్వామివారు ఎవరి మొహం మీదికి వేంచేస్తారో మాత్రం ఆలోచించలేదు. ఎడమ సీట్లో కూర్చునేది ఎక్కువగా మా బామ్మర్ది.

ఆఖరున క్లిప్పు. ఇక్కడ నా గొంతు కొంచెం తగ్గుతుంది.

బెల్టు పెట్టుకోకపోతే కారు టింగు టింగుమంటుంది కదా. 2019 జూలై నుంచి తయారైన ప్రతి కార్లోనూ ఆ మోత ఉండాల్సిందే. ఆ నోరు మూయించడానికి ఒక ఇనప ముక్క దొరుకుతుంది. బెల్టు దూరాల్సిన బకిల్లో దాన్ని దూరిస్తే కారు గమ్మునైపోతుంది. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఈ-కామర్స్ కంపెనీల మీద ఉత్తర్వులిచ్చి 13,118 లిస్టింగులు తీసేయించింది ఈ ముక్కలకే. ఆన్‌లైన్లో లేదని మా బామ్మర్ది అంటే, అంగళ్ళున్నాయి కదరా అని నేనే పోయి నూటేభైకి తెచ్చుకున్నాను. దాని మీద కారు కంపెనీ గుర్తు కూడా అచ్చేసుంది. నాకు భలే ముచ్చటేసింది.

ఇంతకీ బెల్టంటే నాకు పగేమిటి? మీతో దాచడమెందుకు, చొక్కా. నేను తెల్ల చొక్కాల మనిషిని. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, కాగితంలా గరగరలాడాల. బెల్టు పెట్టుకుంటే భుజం నుంచి నడుం దాకా అడ్డంగా మడత పడి, దిగేటప్పటికి జంధ్యం వేసుకున్నట్టుంటుంది. పైగా పొట్ట. కాణిపాకం వినాయకుడు ఏటేటా పెరుగుతాడని, ఎప్పుడో చేయించిన వెండి కవచం ఇప్పుడు పట్టదని భక్తులంటారు. నేనూ ఆ స్వామి భక్తుణ్ణే. బెల్టు లాగి పొట్ట మీద తిప్పితే, నాకెంత వయసొచ్చిందో అది చెప్పేస్తుంది. అలిపిరి టోల్‌గేట్ దగ్గర మాత్రం బెల్టు లాగి చేత్తో పట్టుకునేవాణ్ణి, తగిలించకుండా. కొండ దిగేటప్పుడు నలభై నిమిషాలకంటే ముందొస్తే ఫైనేస్తారని చెట్టు కింద కారాపి టైము చూసుకునేవాణ్ణి. గేటులో పోలీసుకి కనపడినంత వరకు నా అంత క్రమశిక్షణ గలవాడు లేడు.

కారుకి పూజ కాణిపాకంలోనే చేయించినాము. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు, టెంకాయ, కర్పూరం. ఆ గుడి సంగతి మీకు తెలుసు. అక్కడ అబద్ధపు ప్రమాణం చేస్తే స్వామి వదలడని మా పక్క ఊళ్ళన్నిట్లో నమ్మకం. రాజకీయ నాయకులు ఒకరినొకరు 'కాణిపాకం రా, తేల్చుకుందాం' అని సవాలు చేసుకునేది అందుకే. ఆ దేవుడి ఎదురుగ్గా, బకిల్లో అబద్ధం పెట్టుకుని, హారతి తీసుకున్నాను.

ఇంక ఆ రోజుకొస్తాను. చిత్తూరులో నా పాత విద్యార్థులు నాకు సన్మానం పెట్టినారు. ఫిజిక్సుని ప్రాణం పెట్టి చెప్పినందుకంట. నేను ఒక పక్కన వద్దొద్దంటానే కొత్త చొక్కా కుట్టించుకున్నాను. బామ్మర్ది మద్రాసు నుంచి వచ్చున్నాడు, ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక మా ఇంటామె, మా అత్తగారు. చంద్రగిరి దాటినాము, కాశిపెంట్ల దాటినాము, పూతలపట్టు దాటినాము. బామ్మర్ది ఎక్కీ ఎక్కంగానే బెల్టు పెట్టుకున్నాడు. 'ఏం బామ్మర్దీ, మద్రాసు పోలీసు ఇక్కడికి కూడా వస్తాడా?' అన్నాను. 'అలవాటైపోయింది బావా' అన్నాడు. సరే, మన కారు ఎంత గట్టిదో వినుమని మొదలుపెట్టినాను.

బెంగుళూరా మామిడి సీజను. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రాత్రీ పగలూ బారులు తీరి రోడ్డు మీదే కాపురముంటాయి, మన చిత్తూరు రోడ్లకిది కొత్త కాదు. నేను ముందు బ్యాగుల సంగతి చెప్పి, పక్క బ్యాగుల సంగతి చెప్పి, కర్టెన్ బ్యాగులంటే ఏమిటో చేత్తో గాల్లో గీసి చూపిస్తా, స్టీరింగు ఒక చేత్తో పట్టుకుని, 'సెన్సరు పసిగడుతుంది బామ్మర్దీ, మనం కళ్ళు మూసి తెరిచేలోపల' అని ఆ కళ్ళు మూసి తెరవడం కూడా చూపించబోతే, వాడు బావా అన్నాడు, వెనకనుంచి ఇంటామె ఏమండీ అనింది, నేను బ్రేకు మీద నిలబడినాను, కారు కొంత ఆగింది కొంత ఆగలేదు, ఎదర ట్రాక్టరు ట్రాలీ ఒకటి ఆకాశమంతైంది, దాని మీద నాటు భాషలో ఏదో రాసుంది, అది చదవడం మొదలుపెట్టినాను, పూర్తి చెయ్యలేదు.

ధణ్ మనింది.

స్టీరింగు నా మూతికొచ్చి తగిలింది. నేను పోయి దానికి తగిలినానని ఫిజిక్సు ప్రకారం చెప్పాల. ఇంటామె నొసలు నా సీటు వెనక్కి కొట్టుకుని నిమ్మకాయంత బొప్పి కట్టింది. అత్తగారి కళ్ళజోడు ఎక్కడ పడిందో సాయంత్రం దాకా దొరకలేదు. బామ్మర్ది మాత్రం కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండి, 'బావా, ఆ ఆరూ ఎప్పుడొస్తాయి?' అన్నాడు.

బ్యాగులు రాలేదు. మామిడికాయలొచ్చినాయి. ట్రాలీ అంచునుంచి ఒక్కొక్కటీ తీరుబడిగా దొర్లుకుంటా వచ్చి బానెట్ మీద పడినాయి. నేను నోరు పట్టుకుని దిగి, 'చూడు పెద్దాయనా, కాయలకి నష్టమెంతైతే అంత ఇచ్చేస్తా' అన్నాను. ఆ రైతు కాయల్నీ చూసినాడు, నన్నూ చూసినాడు. 'కాయల సంగతి వదిలెయ్ సామీ, నిన్నట్నుంచి ఈడే ఉండా, అవి బాగుండినా కొనేవోడు లేడు. నీ పన్ను యాడో పడింది చూడు' అన్నాడు.

సన్మానానికి పోయినాను. పోకుండా ఎట్లుంటాను, శాలువా తెచ్చినారంట. ముందు పన్ను లేకుండా, తెల్ల చొక్కా మీద నెత్తురు మరకతో, 'ఫిథిక్థ్' గురించి మాట్లాడినాను. 'జడత్వం' అన్న మాట దగ్గర ఇబ్బంది రాలేదు. అది బాగానే పలికింది.

వారం తిరక్కుండా కారుని సర్వీసుకి తీసుకుపోయినాను, నాలుగు పేజీల ఫిర్యాదు చంకలో పెట్టుకుని. అక్కడ ఇన్‌చార్జి నా దగ్గర ఇంటర్ చదివినవాడు. నన్ను చూస్తానే లేచి నిలబడినాడు, కుర్చీ వేయించినాడు, కాఫీ తెప్పించినాడు. ఫిర్యాదు మొత్తం ఓపిగ్గా చదివినాడు. లాప్‌టాప్ కారుకి తగిలించి కొంతసేపు చూసి, 'సార్, కారు కంప్యూటర్లో మీరు బెల్టు పెట్టుకోనున్నట్టే ఉంది' అన్నాడు.

చూడండి, నాకు ఎంత సంతోషమేసిందో! మెషినే సాక్ష్యం చెప్తా ఉంది కదా! 'రాసుకో నాయనా, ఆ మాట జాబ్ కార్డులో రాసుకో' అన్నాను. వాడు రాయలేదు. కారు తలుపు తీసి, వంగి, బకిల్లోంచి ఆ క్లిప్పు లాగి, అరచేతిలో పెట్టుకుని నిలబడినాడు. దాని మీద కంపెనీ గుర్తు తళుక్కుమంటా ఉంది. తీసేయడం మర్చిపోయినాను. ఫిర్యాదు రాయడానికి మూడు రాత్రులు మేలుకున్నవాణ్ణి, సాక్ష్యం తుడవడం మర్చిపోయినాను.

వాడు చెప్పింది ఇదీ. బెల్టు ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే లెక్క కాదు, చానా కార్లలో. బెల్టు లేకపోతే, గంటకి పదహారు పంతొమ్మిది కిలోమీటర్ల వేగంతో కదలని గోడని గుద్దినంత దెబ్బకే బ్యాగు తెరుచుకునేట్టు పెడతారు. బెల్టుంటే అంత తొందరలేదు, ఇరవయ్యారు దాకా ఆగొచ్చు, బెల్టే పట్టుకుంటుందని. ట్రాక్టరు గోడ కాదు, గుద్దితే కొంచెం జరుగుతుంది. నా దెబ్బ ఆ రెంటి మధ్యలో ఎక్కడో పడింది. సెన్సరు బెల్టు సంగతి అడిగింది, క్లిప్పు 'పెట్టుకున్నాడు' అనింది, కారు నమ్మింది. జీవితంలో నేనాడిన అబద్ధాన్ని మారు ప్రశ్న లేకుండా నమ్మిన ప్రాణి అదొక్కటే.

ఆ పైన బుల్ గార్డు. బంపరు నలిగి నలిగి సెన్సరుకి కబురందించాల్సిన చోట, ఇనప పైపు ముందుగానే దెబ్బ పుచ్చుకుని ఛాసిస్‌కి ఇచ్చేసింది. కబురు వంకరగా అందిందో, ఆలస్యంగా అందిందో. 'ఈ రెంట్లో ఏది ఎంత చేసిందో ఫ్యాక్టరీవోళ్ళు కూడా చెప్పలేరు సార్' అన్నాడు పిల్లోడు. తప్పు మీది అని మాత్రం అనలేదు. ఆ క్లిప్పుని టిష్యూ కాగితంలో చుట్టి, పొట్లం కట్టి, నా జేబులో పెట్టినాడు. జాబ్ కార్డులో దాని ఊసు రాయలేదు. నేను వాడికి ఫిజిక్సులో అరవైకి ముప్పై రెండేసిన గుర్తు. కనీసం యాభై వేసుండాల్సింది.

అయినా నాకు బుద్ధి రాలేదు. లాయరు దగ్గరికి పోయినాను, చిన్నప్పటి స్నేహితుడు. ఫిర్యాదు నాలుగో పేజీలో తకాటా సంగతి రాసిపెట్టినాను కదా, దాంతో నెట్టుకొద్దామని. తకాటా జపాన్ కంపెనీ, ప్రపంచంలో చానా కార్లకి ఎయిర్‌బ్యాగులు చేసిచ్చింది. బ్యాగు ఉబ్బడానికి అమోనియం నైట్రేట్ వాడినారు. వేడిలో, తేమలో ఏళ్ళ తరబడి ఉంటే అది చెడిపోయి, తెరుచుకునేటప్పుడు పేలి, ఇనప ముక్కలు మనుషుల గొంతుల్లోకి దిగినాయి. ఒక్క అమెరికాలోనే 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లు వెనక్కి పిలవాల్సొచ్చింది. 2017 జూన్‌లో ఆ కంపెనీ దివాలా తీసింది. బెల్టు పెట్టుకుని, నిదానంగా బండి నడుపుకుంటా పోయినవాళ్ళు, చిన్నపాటి గుద్దుకే చచ్చిపోయినారు. నిజమైన ఫిర్యాదంటే వాళ్ళది. ఢిల్లీ ఆయనదీ అంతే. వాళ్ళ వెనకాల, అదే క్యూలో, జేబులో క్లిప్పు పొట్లం పెట్టుకుని నేను నిలబడబోయినాను.

లాయరు అంతా చదివి కళ్ళజోడు తీసినాడు. 'రేయ్, సుప్రీంకోర్టు నిన్ను ఫిజిక్స్ పండితుడివి కానక్కర్లేదనింది. బెల్టు పెట్టుకోనక్కర్లేదని యాడనింది చూపించు' అన్నాడు. నేను గొణిగినాను. 'అఫిడవిట్లో బెల్టు పెట్టుకోనుండినానని రాస్తావా? రాస్తే నాకేం, సంతకం తీసుకుంటా. ఒక్క పని చెయ్. ముందు కాణిపాకం పోయి, కోనేట్లో మునిగి, అదే మాట స్వామి ముందర చెప్పిరా' అన్నాడు. నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాను, పొట్లం పక్కనే.

కేంద్రం 2022 లెక్కలు తీసి చూసినాను తర్వాత. ఆ ఒక్క ఏడు బెల్టు పెట్టుకోక చనిపోయినవాళ్ళు 16,715 మంది. అందులో డ్రైవర్లు 8,384. మిగిలిన 8,331 మంది పక్కనో వెనకో కూర్చున్నవాళ్ళు. దాదాపు సగం. వెనక సీట్లో కూడా బెల్టు తప్పనిసరని, లేకపోతే వెయ్యి రూపాయలు ఫైనని నాకు తెలిసినా, మా ఇంటామెకి వెనక బెల్టుందన్న సంగతే తెలియదు. నేనే కదా రెగ్జిన్ కింద పూడ్చి పెట్టించినాను. బొప్పికి వేడికాపడం పెట్టుకుంటా ఆమె అడిగింది ఒక్కటే, 'ఆ లక్షన్నర దేనికిచ్చినామండీ?' అని. ఎయిర్‌బ్యాగులకి లక్షన్నర, వాటిని పనిచెయ్యకుండా చేసేదానికి ఇంకో ముప్పైవేలు అని కచ్చితమైన జవాబుంది నా దగ్గర. చెప్పలేదు.

ఇప్పుడు కవర్లు చింపించేసినాను. స్వామివారు పూజగదిలోకి వెళ్ళినారు. బెల్టు పెట్టుకుంటున్నాను, చొక్కా మడత పడుతుంది, పడనీ. కొత్త పన్ను పెట్టించుకున్నాను, పక్క పళ్ళకంటే తెల్లగా ఉందని బామ్మర్ది అంటాడు. ఇంత మారినానా, ఒక్క బుల్ గార్డు దగ్గర మళ్ళీ జారినాను. పాతసామాన్ల వాడికేస్తే కిలో లెక్కన ఇస్తాడు. పెట్టి ఎన్నాళ్ళైందని, అద్దంలా ఉంది, కొంచెం సొట్ట. మా కామర్స్ లెక్చరరు చూసి ముచ్చటపడినాడు, వాడిదీ అదే మోడలు. దీనివల్ల నాకేమైందో చెప్దామని నోరు తెరిచినాను. వాడు రేటెంతన్నాడు. నోట్లోంచి అంకె ఒక్కటే వచ్చింది. సగం అప్పుడే ఇచ్చినాడు, మిగిలిన సగం జీతాలొచ్చినాక ఇస్తానన్నాడు. జీతాలొచ్చి పోయినాయి. వాడు ఆ గార్డు తగిలించుకుని రోజూ నా ముందర కాలేజీ గేట్లో దూరతా ఉన్నాడు. బాకీ అడుగుదామంటే, ముందు అసలు సంగతి చెప్పాల్సొస్తుందని ఆగిపోతా ఉన్నాను.